బుర్రకథ, వీధినాటకం, రీల్స్: ఆరోగ్య సిబ్బంది చేతిలో ఇవి పేదలకు నిజంగా పనికొస్తాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఏజెన్సీని ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (ఊళ్లోనే ప్రాథమిక వైద్యం చూసే మధ్యస్థాయి ఆరోగ్య ఉద్యోగిగా) కొత్తగా చేరారు. కాలేజీలో పాటలు పాడేవారు, నాటకాలు వేసేవారు, ఫోన్లో వీడియో ఎడిటింగ్ కూడా వచ్చు. వీటిని ఉద్యోగంలో వాడాలని ఉంది. మీ సీనియర్ ఒకాయన మాత్రం "ఇవన్నీ ఫొటోలకు, పైకి పంపే రిపోర్టులకు తప్ప ఎందుకూ పనికిరావు" అని తేల్చేశారు. దళితవాడలకు, కొండ మీది గూడేలకు, వలస కూలీలకు వీటివల్ల నిజంగా ఏమైనా మారుతుందా, మారితే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

మారుతుంది. అయితే మీ సీనియర్ మాటలోనూ సగం నిజం ఉంది. మనమే రాసి, మనమే ఆడి, జనాన్ని కూర్చోబెట్టి చూపించి వచ్చేసే కార్యక్రమాలు చాలావరకు ఫొటోల దగ్గరే ఆగిపోతాయి. వైద్యం ఎవరికి అందడం లేదో వాళ్ల నోటి నుంచి కథ రావాలి. అది విన్నాక సబ్‌సెంటర్‌లోనో పీహెచ్‌సీలోనో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో) ఏదో ఒకటి మారాలి. ఈ రెండూ జరిగిన చోట తేడా కనిపిస్తుంది. ఒక్కటి తగ్గినా కనిపించదు.

నేను ఉత్తరాంధ్రలో ఆరోగ్య శాఖ మాస్ మీడియా విభాగంలో హెల్త్ ఎడ్యుకేటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా ఆఫీసును అందరూ 'డెమో ఆఫీసు' అనేవారు. కళాజాతలకు (ఊరూరా తిరిగి పాటలు, నాటకాలు ఆడే బృందాలకు) బడ్జెట్ రాయడం దగ్గర్నుంచి పందిట్లో మైకు సరిచేయడం దాకా అన్నీ చేశాను. కాబట్టి పుస్తకంలో ఉన్నదీ, చూసిందీ కలిపి రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు రుజువు సంగతి. మీ సీనియర్‌తో మాట్లాడాలంటే మీకు అదే కావాలి. జార్ఖండ్, ఒడిశాల్లోని గిరిజన జిల్లాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ 2005 నుంచి 2008 వరకు ఒక అధ్యయనం చేసింది. ఫలితాలు 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. అక్కడ చేసిన పని చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. ఊరి ఆడవాళ్లు నెలకోసారి కూర్చుంటారు. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే బొమ్మల కార్డులు, కథలు, ఆటలు ఉంటాయి. ఒక తల్లి కథ చెబుతారు. నొప్పులు మొదలయ్యాయి, బయల్దేరడం ఆలస్యమైంది, బిడ్డ దక్కలేదు. ఎందుకలా అయింది అని ఒకరు అడుగుతారు. బండి దొరకలేదు అంటారు. బండి ఎందుకు దొరకలేదు? చేతిలో డబ్బు లేదు. ఎనిమిదో నెల నుంచే ఎందుకు దాచుకోలేదు? ఇలా ఒక్కో 'ఎందుకు' వెనక ఇంకో 'ఎందుకు' వేసుకుంటూ పోయి, తమ ఊళ్లో తాము చేయగలిగింది ఏమిటో వాళ్లే తేల్చుకుంటారు. మూడేళ్లలో ఆ ఊళ్లలో నెలలోపు పసిబిడ్డల మరణాలు, సమావేశాలు జరగని ఊళ్లకంటే 32 శాతం తక్కువగా నమోదయ్యాయి. చివరి రెండేళ్లే లెక్కిస్తే 45 శాతం తక్కువ.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ తర్వాత వేసిన లెక్కలో ఉంది. ఆ తగ్గుదల ఎవరి ఇళ్లలో ఎంత అని విడదీసి చూసి 2013లో ప్రచురించారు. అందరికంటే వెనకబడిన కుటుంబాల్లో 59 శాతం, వాళ్లకంటే కాస్త మెరుగ్గా ఉన్న కుటుంబాల్లో 36 శాతం. మన శాఖలో ఏ కార్యక్రమమైనా ముందు చేరేది రోడ్డు పక్క ఇళ్లకి, బడికెళ్లిన కోడళ్లకి. ఇక్కడ ఆ వరస తిరగబడింది. పైగా తర్వాత ఇవే సమావేశాలను ఆశా కార్యకర్తలతో నడిపించి చూశారు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి, అక్కడా పసిబిడ్డల మరణాలు 31 శాతం తగ్గాయి. అంటే స్టేజీ ఎక్కని, పాట రాని ఆశా కూడా చేయగలిగిన పని ఇది. మీరు పాడగలరు కాబట్టి మీకు ఇంకాస్త సులువు, అంతే.

ఇక మన దగ్గర ఏం జరుగుతుందో చూడండి. కళాజాత వస్తుంది. సర్పంచ్ గారు రామాలయం దగ్గరో, పంచాయతీ ఆఫీసు ముందో చోటు చూపిస్తారు. సాయంత్రం ఏడింటికి డప్పు మోగుతుంది. పిల్లలు ముందు వరసలో, మగవాళ్లు అరుగుల మీద, పై ఇళ్ల ఆడవాళ్లు గుమ్మాల్లో. ఎస్సీ కాలనీ నుంచి నలుగురు కుర్రాళ్లు వెనక నిలబడతారు. అక్కడి ఆడవాళ్లు ఆ వేళకి కూలి నుంచి వచ్చి పొయ్యి వెలిగిస్తూ ఉంటారు. కొండ మీది గూడేనికి ఆ డప్పు వినిపించదు. రిపోర్టులో మాత్రం 'గ్రామంలో 300 మంది హాజరు' అని పడుతుంది. ఎవరికోసం ఆట పెట్టామో వాళ్లు తప్ప అందరూ చూశారన్నమాట!

అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది చోటు, వేళ మార్చమని. కాలనీలో ఆడండి. వారపు సంతలో, మధ్యాహ్నం సరుకులు అమ్ముడుపోయాక ఆడండి. ఉపాధి హామీ పని దగ్గర భోజనాల వేళ ఆడండి. ఇటుక బట్టీ దగ్గరైతే యజమానితో ముందు మాట్లాడుకోవాలి, లేకపోతే మేస్త్రీ అడ్డుపడతాడు. సంత విషయంలో ఒక చిక్కుంది. కొండల మీది పెద్దవయసు ఆడవాళ్లలో చాలామందికి తెలుగు రెండో భాష. పాడేరు, అరకు వైపు ఆదివాసీ ఒడియా, కువి మాట్లాడేవాళ్లకు మన తెలుగు నాటకం సగమే ఎక్కుతుంది. అక్కడ మీరు పాత్ర వేయకండి, ఆ భాష వచ్చిన ఆశాను ముందుకు రానివ్వండి. ఇంకో మాట. దింసా నృత్యం లాంటి వాళ్ల ఆటలో మన నినాదాలు జొప్పించడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఊరి పెద్దలు వద్దనరు, ఆఫీసర్లు వచ్చారు కదా అని ఊరుకుంటారు. కానీ ఆ ఆట వాళ్లు మనకోసం కట్టుకున్నది కాదు.

కథ వాళ్ల నోటి నుంచి వస్తే ఎంత దూరం పోతుందో చెప్పడానికి మనకు పక్క రాష్ట్రం ఉదాహరణ కూడా అక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. జనవిజ్ఞాన వేదిక లాంటి సంఘాలు, టీచర్లు, కళాజాతలు ఊరూరా తిరిగారు. రాత్రి బడి వాచకంలో సారా వల్ల చితికిన ఒక ఇంటి కథ ఉంది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి, ఇది మా ఇంటి కథే కదా అని మాట్లాడుకున్నారు. ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. అక్కడి నుంచి 1992లో రాష్ట్రమంతా సారా వ్యతిరేక ఉద్యమం పాకింది. ప్రభుత్వం 1993లో సారాను నిషేధించింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం కూడా పెట్టింది. అది రెండేళ్లకే సడలిపోయింది, ఆ రాజకీయం వేరు. ఆ వాచకంలో సారా తాగితే లివర్ ఏమవుతుందో బొమ్మలు గీసి చూపించి ఉంటే ఇదంతా జరిగేదని నేను అనుకోను. వాళ్ల ఇంటి సంగతి వాళ్లకే కథగా కనిపించింది, పదిమంది ఒకచోట కూర్చుని దాన్ని చదివారు. జరిగింది అదే.

ఇప్పుడు మీకు బాగా ఉపయోగపడే విషయం. బుర్రకథను పాటగా చూడకండి, అందులోని ముగ్గురినీ చూడండి. కథకుడు మధ్యలో ఉంటాడు, కథ నడుపుతాడు. ఒక పక్క హాస్యగాడు, ఇంకో పక్క 'రాజకీయం' చెప్పే వంత. ఆరోగ్య శాఖ కథల్లో మనం చేసే పని ఏమిటంటే, కథకుడి నోట్లో మొత్తం హెల్త్ టాక్ పెట్టేసి, వంతలిద్దరి చేత 'తందాన తాన' అనిపించడం. దాంతో బుర్రకథ బలమంతా పోతుంది. హాస్యగాడు ఉన్నది జనం అడగలేని ప్రశ్న అడగడానికి. రాజకీయం చెప్పేవాడు ఉన్నది ఉన్న వ్యవస్థను నిలదీయడానికి. ఈ రెండు చోట్లూ ఊరివాళ్లకు ఇచ్చేయండి.

ఐరన్ మాత్రల సంగతే తీసుకోండి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. గర్భిణికి కనీసం 180 మాత్రలు ఇవ్వాలి, ఇస్తున్నాం కూడా, రిజిస్టర్‌లో టిక్కు ఉంటుంది. ఇళ్లకెళ్తే ఆ మాత్రలు చూరులో దోపి కనిపిస్తాయి. ఎందుకు వేసుకోలేదమ్మా అంటే నర్సమ్మకు ఎవరూ నిజం చెప్పరు, "వేసుకుంటన్నానమ్మా" అంటారు. మా డివిజన్‌లో ఒక మండలంలో దీని మీద బుర్రకథ కట్టినప్పుడు, హాస్యగాడి మాటలు మేం రాయలేదు. కాలనీలో పది మంది ఆడవాళ్లను కూర్చోబెట్టి, "ఈ హాస్యగాడు మాత్ర వేసుకోనని మొండికేస్తాడు, ఏం సాకులు చెబుతాడో మీరే చెప్పండి" అని అడిగాం. మీరెందుకు వేసుకోరు అని అడిగితే రాని మాటలన్నీ అప్పుడు నవ్వుతూ బయటికొచ్చాయి. బిడ్డ నల్లగా పుడుతుందట. లావైపోయి కానుపు కష్టమవుతుందట. విరేచనం నల్లగా వస్తే లోపల ఏదో కుళ్లిందని మా అత్త భయపెట్టింది. ఇవి మేం ఊహించినవే. ఒకావిడ మాత్రం, "అన్నం తిన్నాక వేసుకోమంటారు, పొద్దున్న చద్ది తాగి పనికి పోతాం, రాత్రికి వండేది అందరికీ పెట్టాక మిగిలితే కదా తినేది, ఎప్పుడు వేసుకోవాలి?" అంది. ఇది ఏ ట్రైనింగ్ మాడ్యూల్‌లోనూ లేని ప్రశ్న. ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, ఒకసారి తిప్పితే మళ్లీ ముట్టుకోరు.

ఆ మాటను హాస్యగాడి చేత అలాగే అనిపించాం. దానికి కథకుడు తడుముకోవాలి, వెంటనే గెలవకూడదు. అక్కడే రాజకీయం అందుకుని, "మాత్ర ఇచ్చారు సరే, ముద్ద ఎవరిస్తారు?" అని అడిగాడు. ముందు వరసలో కూర్చున్న మెడికల్ ఆఫీసర్ గారికి కాస్త ఇబ్బందిగానే ఉండి ఉంటుంది. కానీ ఆ తర్వాతి వారం ఏఎన్‌ఎం (సబ్‌సెంటర్ నర్సు), అంగన్‌వాడీ టీచర్ కూర్చుని ఒక చిన్న మార్పు చేసుకున్నారు. గర్భిణులు అంగన్‌వాడీలో మధ్యాహ్నం భోజనం చేసే చోటే, తిన్న వెంటనే, టీచర్ ఎదుటే మాత్ర. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో ఈ ఏర్పాటు నిబంధనల్లోనే ఉంది. మా దగ్గర ఆ ఊళ్లో అది బుర్రకథ పుణ్యమా అని వచ్చింది. పనికెళ్లేవాళ్లు మధ్యాహ్నం రాలేరు కాబట్టి వాళ్ల సంగతి తేలలేదు, అది కూడా చెప్పాలి.

ఇది కొత్త విద్యేమీ కాదు. మన దగ్గర బుర్రకథను జనం సమస్యలకు ముడిపెట్టింది 1940ల్లో ప్రజానాట్యమండలి అనే వామపక్ష కళాకారుల సంఘం. ఆ మండలిని నడిపినవాళ్లలో ముఖ్యుడైన గరికపాటి రాజారావు వృత్తిరీత్యా డాక్టరు. కాబట్టి డాక్టర్లకు, నర్సులకు నాటకాలెందుకు అనేవాళ్లకు ఆ పేరు చెప్పండి.

వీధినాటకం వేస్తే, బ్రెజిల్‌కు చెందిన నాటక దర్శకుడు అగస్టో బోల్ 1970ల్లో రూపొందించిన పద్ధతి ఒకటి నేర్చుకోండి. పశ్చిమ బెంగాల్‌లో జనసంస్కృతి బృందం దాన్ని దశాబ్దాలుగా పల్లెల్లో ఆడుతోంది. కష్టం ముదిరి, దారి మూసుకుపోయిన చోట నాటకం ఆపేస్తారు. మళ్లీ మొదటి నుంచి ఆడతారు. ఈసారి చూసేవాళ్లలో ఎవరైనా "ఆపండి" అని లేచి వచ్చి, ఆ పాత్రలో తాము నిలబడి వేరే దారి ప్రయత్నించవచ్చు. కానుపుకు ఆసుపత్రికి పంపనన్న అత్తగారి నాటకం ఇలా ఆడి చూడండి. కోడలి పాత్రలోకి ఒక కోడలు వస్తుంది, అది ఎలాగూ వస్తుంది. అత్తగారి పాత్రలోకి ఒక అత్తగారు వచ్చి, "నాకూ భయమే, కిందటిసారి ఆసుపత్రిలో మా పెద్ద కోడల్ని నర్సు లెంపకాయ కొట్టింది" అన్నప్పుడు అసలు కారణం దొరుకుతుంది. అప్పుడు మీరు నాటకం సంగతి వదిలేసి లేబర్ రూమ్ సంగతి చూడాలి. దానికి సిద్ధంగా లేకపోతే ఈ పద్ధతి జోలికి వెళ్లకండి.

కళ అనగానే మన నుంచి జనానికి అనుకుంటాం. జనం నుంచి పైవాళ్లకు వెళ్లే కళ దీనికంటే బలమైనదని నా అభిప్రాయం. కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అనే ఇద్దరు 1990ల్లో చైనాలోని యునాన్ పల్లెల్లో ఆడవాళ్ల చేతికి కెమెరాలిచ్చి, మీ బతుకును మీరే ఫొటోలు తీయండి అన్నారు. వాటిని అధికారుల ముందు పెట్టారు. ఇప్పుడు ఫోన్ చాలు. మన ఏజెన్సీలో డోలీ మోతల వీడియోలు మీరూ చూసే ఉంటారు. కర్రకు దుప్పటి కట్టి గర్భిణిని మోసుకొచ్చే ఆ దృశ్యాలు చాలావరకు ఊరి కుర్రాళ్లు తమ ఫోన్లలో తీసినవే. పేపర్లలో, టీవీల్లో అవి వచ్చినంతగా మా నెలవారీ రిపోర్టులు ఎవరినీ కదిలించలేదు. కాన్పుకు ముందే కొండ దిగి వచ్చి ఉండేందుకు సాలూరులో గర్భిణుల వసతి గృహం, ఏజెన్సీలో బైక్ అంబులెన్సులు లాంటివి 2018 ప్రాంతంలో వచ్చాయి. వాటికి కారణాలు చాలా ఉంటాయి, వీడియోల వల్లే అనను.

మీరు ఇలా చేయొచ్చు. గూడెంలో ముగ్గురు నలుగురు ఆడవాళ్లను, ఇంటి నుంచి మీ క్లినిక్ దాకా దారిలో ఎక్కడ ఆగిపోతారో అక్కడ ఫొటో తీయమనండి. గెడ్డ దాటే చోటు, ఆటో ఆగే చోటు, క్లినిక్ బయట నిలబడే ఎండ. ఆ పది ఫొటోలు గ్రామసభలోనో, పీహెచ్‌సీ నెలవారీ సమీక్షలోనో వాళ్లే చూపించి మాట్లాడాలి. మీరు వాళ్ల తరఫున మాట్లాడకండి. ఇందులో మీ ఉద్యోగానికి చిన్న రిస్కు ఉంది, దాచను. ఫొటోలు మీ పేరుతో ఫేస్‌బుక్‌లో పెడితే షోకాజ్ నోటీసు రావచ్చు. గ్రామసభలో ఊరివాళ్లే పెడితే రాదు.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008లో మొదలైన సంఘం రేడియోను కూడా ఒకసారి చూసి రండి. దళిత మహిళలే నడుపుతున్న కమ్యూనిటీ రేడియో అది, 90.4 ఎఫ్‌ఎం. పంటలు, తిండి, ఆరోగ్యం అన్నీ వాళ్ల యాసలో, వాళ్ల లెక్క ప్రకారం మాట్లాడుకుంటారు. మైకు వాళ్ల చేతిలో ఉంటే మాట ఎలా మారుతుందో వింటే తెలుస్తుంది.

రీల్స్ గురించి ప్రత్యేకంగా అడిగారు. చేయండి, తప్పు లేదు. టీనేజీ పిల్లలకు, వలసవెళ్లిన కుర్రాళ్లకు అవి చేరతాయి. కానీ వెనకబడినవాళ్లకు చేరడానికి అదే దారి అనుకుంటే పొరపాటు. 2019-20 నాటి ఆ కుటుంబ సర్వేలోనే, తాను సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో సగం కంటే కాస్త తక్కువ. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవాళ్లు ఐదుగురిలో ఒకరు. ఇప్పుడు పెరిగి ఉంటుంది, కానీ మిగిలిపోయినవాళ్లు ఎవరో మీకు తెలుసు. కేంద్రం నడిపే కిల్కారీ అని ఒక సేవ ఉంది, గర్భిణులకు, బాలింతలకు వారం వారం ఫోన్లో రికార్డు చేసిన మాటలు వినిపిస్తుంది. మధ్యప్రదేశ్‌లో దాన్ని పకడ్బందీగా పరీక్షించారు. కుటుంబ నియంత్రణ పద్ధతుల వాడకం కొద్దిగా పెరిగింది, ఆరు నెలల దాకా తల్లిపాలే ఇవ్వడంలో మాత్రం తేడా రాలేదు. ఫోన్ మోగుతుంది, అది భర్త జేబులో ఉంటుంది. రీల్ చేస్తే దాన్ని ఆశా ఫోన్లో పెట్టి, ఆమె ఇంటికెళ్లి చూపించి, ఆపి మాట్లాడేలా చేయండి. వ్యూస్ లెక్క చూడకండి.

ఇక జాగ్రత్తలు. వీటిలో కొన్ని చాలా సీరియస్.

భయపెట్టే కథ రోగిని దాక్కునేలా చేస్తుంది. 2000ల మొదట్లో 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' హోర్డింగులు గుర్తున్నాయా? మీరు అప్పటికి చిన్నపిల్ల అయి ఉంటారు, ఇంట్లో అడగండి. ఆ ప్రశ్న రాష్ట్రమంతా నోట్లో నానింది. టీ కొట్టు దగ్గర కండోమ్ మాట పైకి అనగలిగే పరిస్థితి తెచ్చింది, అది చిన్న విషయం కాదు. ఆ రోజుల్లోనే ఎయిడ్స్ అంటే మరణం అని పుర్రె బొమ్మలు వేసిన పోస్టర్లు కూడా గోడల మీద ఉండేవి. వాటివల్ల పరీక్షకు రావాల్సినవాళ్లు రాకపోవడం మేం చూశాం. టీబీ నాటకంలో దగ్గుతూ రక్తం కక్కి చచ్చిపోయే పాత్ర పెట్టొద్దు. మందులు పూర్తిగా వాడి, మళ్లీ మగ్గం ఎక్కిన మనిషి పాత్ర పెట్టండి. టీబీ రోగి తిండి కోసం నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు వచ్చే డబ్బు, 2024 నవంబరు నుంచి 500 కాదు 1000 రూపాయలని కూడా ఆ పాత్ర చేతే చెప్పించండి. నాటకం అయ్యాక జనం మీ దగ్గరికి వచ్చి అడిగేది ఆ డబ్బు గురించే.

తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్త జబ్బు సికిల్ సెల్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2023 జులైలో జాతీయ మిషన్ మొదలయ్యాక గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు పెరిగాయి. పెళ్లికి ముందు కార్డులు చూసుకోండి అని మనం పాట కడితే, ఊళ్లో అది 'ఆ పిల్లను చేసుకోవద్దు' అని వినిపిస్తుంది. ఒక్క జన్యువే మోసే వాహకుడికి జబ్బు ఉన్నట్టు కాదని, తల్లీతండ్రీ ఇద్దరిలోనూ ఆ జన్యువు ఉన్నప్పుడే పిల్లలకు జబ్బు ముప్పని అబ్బాయి పాత్రతో చెప్పించండి. అమ్మాయిని ఆ కథకు కేంద్రం చేయకండి.

అసలు రోగి చేత కథ చెప్పించేటప్పుడు ఒప్పుకోలు ఒక్కసారి అడిగితే సరిపోదు. టీబీ నయమైన ఒకాయన మా సభల్లో చక్కగా మాట్లాడేవాడు. కూతురికి సంబంధాలు చూడటం మొదలయ్యాక, ఆ వీడియో ఫోన్లలో తిరుగుతోందని బాధపడ్డాడు. నోటిమాట ఆ సాయంత్రంతో పోతుంది, వీడియో పోదు. అప్పట్నుంచి సభకు సరే, వీడియోకు విడిగా అడగాలని మా దగ్గర పద్ధతి పెట్టుకున్నారు. హెచ్‌ఐవీ విషయంలో ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఎవరి స్థితినీ బయటపెట్టకూడదు. క్లినిక్ లోపల రీల్ తీసేటప్పుడు వెనక క్యూలో ఎవరున్నారో చూసుకోండి.

కథ కడుపు నింపదు. ఒడిశాలోని కియోంఝర్‌లో ఊరి ఆడవాళ్ల చేతే పంటలు, పోషణ మీద వీడియోలు తీయించి, సంఘాల్లో చూపించి, పెద్ద అధ్యయనం చేశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. అన్ని ఊళ్లలో కాకపోయినా, కొన్ని గ్రూపుల ఊళ్లలో తల్లులు తినే తిండిలో, పిల్లల తిండిలో రకాలు పెరిగాయి. తల్లుల బరువులో, పిల్లల బక్కచిక్కడంలో మాత్రం మార్పు రాలేదు. నాటకం వేశాం కాబట్టి పోషకాహార లోపం తగ్గాలని పైనుంచి ఎవరైనా అడిగితే మీకు ఈ ఉదాహరణ పనికొస్తుంది.

ఆశాల గురించి ఒక మాట గట్టిగా చెబుతాను. ఈ పని పేరుతో వాళ్ల నెత్తిన ఇంకో డ్యూటీ వేయకండి. రీల్ కోసం ఒకే రంగు చీర కట్టుకుని, ఎండలో నాలుగుసార్లు డ్యాన్స్ చేయించిన సంఘటనలు నాకు తెలుసు. వాళ్లలో చాలామంది ఆ కాలనీ, ఆ గూడెం మనుషులే. సమానత్వం గురించి పాట పాడుతూ వాళ్ల చేత ఊరికే చాకిరీ చేయించడం ఏం న్యాయం? చేస్తామన్నవాళ్లతోనే చేయండి, ఆ రోజు వేరే సర్వే తగ్గించండి. జముకుల కథ, తప్పెటగుళ్లు కళాకారులను పిలిస్తే డబ్బు ఇవ్వండి, శాలువాతో సరిపెట్టకండి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీకి ఏడాదికి 10,000 రూపాయల దాకా అన్‌టైడ్ ఫండ్ (ఫలానా పనికే అని ముడిపెట్టని డబ్బు) ఉంటుంది. కమిటీ తీర్మానం చేస్తే అందులోంచి కొంత వాడుకోవచ్చు, మీ మెడికల్ ఆఫీసర్‌ను ముందే అడగండి.

మొదటి నెల ఏం చేయాలి అంటారా? పాట రాయకండి. మీ రిజిస్టర్లు తీసి ఊరి లెక్కను వాడల వారీగా, గూడేల వారీగా విడగొట్టండి. టీకాలు పూర్తికానివాళ్లు, నాలుగు చెకప్‌లు రానివాళ్లు, బీపీ మందులు మధ్యలో ఆపేసినవాళ్లు ఎక్కువగా ఎక్కడున్నారో తెలిసిపోతుంది. ఆ ఒక్క చోటే, ఆ ఒక్క సమస్యే తీసుకోండి. పోషకాహార దినం నాడు అక్కడి ఆడవాళ్లతో కూర్చుని, పేర్లు మార్చి ఒక కథ చెప్పి, మధ్యలో ఆపి, తర్వాత ఏమై ఉంటుందో వాళ్లను చెప్పనివ్వండి. వాళ్లు చెప్పింది రాసుకోండి. అందులో మీ క్లినిక్ మీద ఫిర్యాదు తప్పకుండా ఉంటుంది. దాన్ని మొదట సరిచేసి, ఆ తర్వాత నాటకమో పాటో వాళ్లతోనే కట్టండి. ఆరు నెలల తర్వాత మళ్లీ అవే రిజిస్టర్లు, అదే గూడెం లెక్క చూడండి. మీ సీనియర్‌కు చూపించాల్సింది ఆ కాగితం.

మీ క్లినిక్ కింద ఏ గూడేలున్నాయి, అక్కడ ఏ భాష ఎక్కువ, ప్రస్తుతం మిమ్మల్ని బాగా ఇబ్బంది పెడుతున్న సమస్య ఏది అన్నది రాస్తే, దానికి తగ్గట్టు ఒక కథ చట్రం రాసి పెడతాను. గూడెం పేరు వేయక్కర్లేదు, మండలం చాలు.